మట్టి రుచా, చేతి రుచా? లేబుల్ దాచి వైన్లను పోల్చే విధానం

ఫ్రాన్స్‌లోని బుర్గుండీలో క్లో ద వూజో అనే ద్రాక్షతోట ఉంది. మధ్యయుగంలో సిస్టర్షియన్ సన్యాసులు పెంచి, చుట్టూ రాతిగోడ కట్టిన తోట. గోడ లోపలి విస్తీర్ణం 50 హెక్టార్ల పైమాటే, అంటే దాదాపు 125 ఎకరాలు. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం ఆస్తి చేతులు మారి, పంపకాల మీద పంపకాలు జరిగి, ఇప్పుడీ ఒక్క తోటకి 80 మంది దాకా యజమానులున్నారు. ఎగువన, పాత భవనం దగ్గర మట్టి పల్చన, అడుగున సున్నపురాయి. వాన పడినా నీరు నిలవదు. దిగువన, రోడ్డు వైపు బంకమట్టి. గట్టి వాన కురిస్తే చాళ్లు చిత్తడి అవుతాయి. సీసా మీద మాత్రం అందరిదీ ఒకే పేరు, బుర్గుండీలో అన్నిటికంటే పైదైన గ్రాండ్ క్రూ హోదా.

ఈ తోటవే ఎనిమిది సీసాలు తెచ్చి, గుడ్డ చుట్టి, వరసగా రుచి చూశారనుకుందాం. మూడోది అందరికీ నచ్చింది, ఏడోది తేలిపోయింది. ఆ తేడా ఎక్కడిది? ఏడో సీసా యజమాని చెక్క దిగువ బంకమట్టిలో ఉందా? లేక ద్రాక్షని తొందరపడి కోశాడా? పాత పీపాల్లో వేశాడా? ఆ ఎనిమిది గ్లాసుల్ని ఎంత శ్రద్ధగా చప్పరించినా జవాబు దొరకదు. ఎందుకంటే సీసా సీసాకీ మట్టీ మారింది, వైన్ తయారుచేసే చెయ్యీ మారింది.

అక్కడికి కొద్ది కిలోమీటర్లు ఉత్తరాన, జెవ్రే-షాంబెర్తాన్ ఊళ్లో క్లో సాన్-జాక్ అనే ఇంకో తోట ఉంది. విస్తీర్ణం 6.7 హెక్టార్లు, యజమానులు ఐదుగురే: రూసో, ఫూరియే, సిల్వీ ఎస్మొనాన్, బ్రూనో క్లేర్, లూయీ జాదో. ఈ తోటని పంచుకున్న తీరులోనే అసలు విశేషం ఉంది. ఒక్కొక్కరి భాగం కొండవాలు పైకొస నుంచి కిందికొస దాకా నిలువు పట్టీలా ఉంటుంది. పైనున్న పల్చటి మట్టీ, కిందనున్న లోతు మట్టీ అందరికీ వచ్చాయి. కాబట్టి ఒకే సంవత్సరపు ఐదు క్లో సాన్-జాక్‌లు పక్కపక్కన పెడితే మట్టి దాదాపు స్థిరంగా ఉండి, చెయ్యి ఒక్కటే మారుతుంది. కావాలని వేసిన ప్రయోగశాల మడి కూడా ఇంత చక్కగా కుదరదు.

బ్లైండ్ టేస్టింగ్ అనగానే అందరి దృష్టీ లేబుల్ దాచడం మీదికే పోతుంది. అది తేలికైన భాగం. బల్ల మీదికి ఏ సీసాలు వచ్చాయన్నదే ఆ పోటీ ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో ముందే నిర్ణయించేస్తుంది.

1976 చెప్పింది, చెప్పనిది

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి, తన సహోద్యోగి ప్యాట్రీషియా గాలఘర్‌తో కలిసి జరిపిన రుచి పరీక్ష ఈ రంగంలో ఇప్పటికీ పెద్ద పేరు. తొమ్మిది మంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు, ఇరవయ్యేసి మార్కులు. ఎర్ర వైన్లు పది, అందులో ఆరు అమెరికాలోని కాలిఫోర్నియావి, నాలుగు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతానివి. మొదటి స్థానం కాలిఫోర్నియాలోని నాపాకి చెందిన స్టాగ్స్ లీప్ వైన్ సెల్లార్స్ వారి 1973 కాబెర్నే సోవిన్యోన్‌కి వచ్చింది. మొత్తం 127.5 మార్కులు. రెండోది బోర్డో వారి 1970 మూతోన్ రోత్‌షీల్డ్, 126. మూడోది కూడా బోర్డోదే, 1970 ఓ-బ్రియోన్, 125.5. తెల్ల వైన్లలో కూడా కాలిఫోర్నియాదే, షాతో మాంటెలీనా 1973 షార్డొనే గెలిచింది.

ఆ అంకెల్ని దగ్గరగా చూడాలి. మొదటిదానికీ రెండోదానికీ తేడా తొమ్మిది మంది మీద కలిపి ఒకటిన్నర మార్కు. తలా పంచితే మార్కులో ఆరో వంతు. ఒక్క న్యాయనిర్ణేత మధ్యాహ్నం భోజనం కాస్త ఆలస్యంగా చేసుంటే ఆ స్థానాలు తారుమారయ్యేవి. పైగా సంవత్సరాలు వేరు, దేశాలు వేరు, ద్రాక్ష మిశ్రమాలు వేరు, తయారీ వేరు. కాబట్టి నాపా మట్టి బోర్డో మట్టికంటే మేలని గానీ, ఫలానా తయారీదారు ఫలానావారికంటే గట్టివాడని గానీ ఆ పరీక్ష నిరూపించలేదు.

అది నిరూపించింది వేరే. 1970లో నాటిన లేత తీగల నుంచి వచ్చిన వైన్, పేరు తెలియనప్పుడు, ఫ్రాన్స్ అగ్రశ్రేణి వైన్ల మధ్య దర్జాగా నిలబడింది. లేబుల్ చూసి ఇచ్చే గౌరవానికీ, గ్లాసులో ఉన్నదానికీ మధ్య ఎంత ఎడం ఉండొచ్చో బయటపడింది. పరీక్ష వేసిన ప్రశ్న అదే. దానికి జవాబు స్పష్టంగా వచ్చింది. వేయని ప్రశ్నలకి జవాబులు అందులోంచి పిండడం తర్వాతివాళ్లు చేసిన పొరపాటు.

రెండు తోటలు, రెండు చేతులు

తోటనీ తయారీనీ విడదీసి చూడాలంటే నాలుగు సీసాలు చాలు. ఇద్దరు తయారీదారులు, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న రెండు తోటలు, ఒకే సంవత్సరం. బుర్గుండీలో జాదోకీ బ్రూనో క్లేర్‌కీ క్లో సాన్-జాక్‌తో పాటు దాన్నానుకునే ఉన్న లె కాజ్‌తియేలోనూ భాగాలున్నాయి. ఇబ్బందల్లా ధర. అంత పెట్టలేనివాళ్లకి జర్మనీలోని మోజెల్ నది లోయ ఇంకా మంచి చోటు. అక్కడ వేలెనర్ సోనెన్‌ఊర్, గ్రాఖర్ హిమెల్‌రైఖ్ అనే రెండు తోటలు పక్కపక్క ఊళ్లవి. రెండింటిదీ పలకరాతి నేలే, హిమెల్‌రైఖ్‌లో మట్టి కాస్త లోతెక్కువ. యో. యో. ప్రూమ్, డాక్టర్ లోజెన్ అనే ఇద్దరు తయారీదారులూ ఈ రెండు తోటల నుంచీ రీస్లింగ్ అనే తెల్ల ద్రాక్షతో వైన్ తీస్తారు. రీస్లింగ్‌లో కొత్త ఓక్ పీపాల వాసన ఉండదు కాబట్టి చెయ్యి వేసే ముద్ర కొంచెం పల్చనై, మట్టి గొంతు వినిపించే అవకాశం పెరుగుతుంది.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోవాలి. నాలుగూ ఒకే శ్రేణివి, ఒకే తీపివి అయ్యుండాలి. తీపి మిగిల్చిన కబినెట్ అనే తేలికపాటి శ్రేణి రీస్లింగ్‌లో ఆల్కహాల్ మామూలుగా 8 శాతం చుట్టుపక్కల ఉంటుంది. లేబుల్ మీద 11, 12 కనిపిస్తే చక్కెర చాలావరకు పులిసిపోయిందని, అది తీపి లేని రకమని అర్థం. ఈ రెండూ కలిపి పెడితే నాలుక పట్టేది చక్కెర తేడానే, తోట సంగతి మరుగున పడిపోతుంది.

నాలుగు గ్లాసులు ముందు పెట్టి ఏది బాగుందని అడక్కూడదు. 'వీటిని రెండు జతలుగా విడదీయండి, ఒకదానికొకటి దగ్గరగా అనిపించినవి ఒక జత' అని మాత్రమే చెప్పాలి. నాలుగింటిని జతపరచడానికి మూడే దారులున్నాయి: తోటల ప్రకారం, తయారీదారుల ప్రకారం, లేదా రెండూ కాకుండా అడ్డదిడ్డంగా. ఏమీ తెలియకుండా గుడ్డిగా జతపరిచినా ఒక్కో దారికి మూడింట ఒక వంతు అవకాశం ఉంటుంది. పన్నెండు మంది కూర్చుంటే, ఒట్టి అదృష్టం మీద నలుగురు నలుగురుగా పడాలి. ఎనిమిది మంది తయారీదారు ప్రకారం జతపరిచారంటే అది కాకతాళీయంగా జరిగే అవకాశం నూటికి రెండు లోపే. ఏడుగురైతే ఆ అవకాశం ఆరు, ఏడు దాకా పోతుంది కాబట్టి గట్టిగా మాట్లాడలేం. ఎనిమిది మంది తోట ప్రకారం జతపరిస్తే ఆ రోజుకి మట్టిదే పైచేయి.

ఈ ఏర్పాటులో ఇంకో మేలుంది. రుచి చూసేవాళ్లకి వైన్ పరిభాష రానక్కర్లేదు. దగ్గర, దూరం తెలిస్తే చాలు.

ఇదే ఆలోచనని అమెరికాలో పెద్ద ఎత్తున చేసి చూశారు. క్యూబ్ ప్రాజెక్ట్ పేరుతో 2010 కోతతో మొదలై మూడు సంవత్సరాలు సాగింది. ఒరెగాన్‌లోని ఆన్ అమీ, కాలిఫోర్నియాలో కార్నెరోస్‌లోని బుషేన్, శాంటా బార్బరా వైపున్న లింకోర్ట్, ఈ మూడు వైనరీలూ పినో న్వార్ అనే ఎర్ర ద్రాక్ష పండే తమ తోటల్లో ఒక్కో మడి ఎంచి, పండిన ద్రాక్షని మూడు భాగాలు చేసి పంచుకున్నాయి. ఒక్కొక్కరూ మూడు తోటల ద్రాక్షతోనూ తమ పద్ధతిలో వైన్ చేశారు. మూడు మూళ్లు తొమ్మిది, ఏటా తొమ్మిది వైన్లు. వాటిని చూసినవాళ్లని ఆశ్చర్యపరిచింది చేతి ముద్ర ఎంత బలంగా ఉందన్నదే. వాతావరణాలు అంత వేరుగా ఉన్న మూడు ప్రాంతాల ద్రాక్ష మీద కూడా తయారీదారు సంతకం కనబడింది.

ఈ విడదీత అసలు వీలుకాని తోటలూ ఉన్నాయి. బుర్గుండీలోనే ఉన్న రొమానే-కోంతి తోట 1.8 హెక్టార్లు, యజమాని ఒక్కరే. ఆ మట్టి ఇంకొకరి చేతిలో ఎలా ఉండేదో లోకానికి తెలిసే మార్గం లేదు. అదే యజమాని సొంత తోట లా తాష్ పక్కన పెడితే తోటల తేడా వరకు తెలుస్తుంది, అంతే.

ఏది ఎవరి గుర్తు

గ్లాసులో కనిపించే గుర్తుల్లో చాలావాటికి మట్టితో సంబంధం లేదు. లవంగం వాసన వచ్చిందంటే అది ఓక్ చెక్కది. లవంగంలో ఉండే యూజినాల్ అనే పదార్థమే కాల్చిన ఓక్‌లోనూ ఉంటుంది. వెనిలా వాసనా అంతే. బుర్గుండీలో 228 లీటర్ల పీపాలు వాడతారు. వాటిలో కొత్తవి ఎన్నన్నది పూర్తిగా యజమాని ఇష్టం. క్లో సాన్-జాక్ ఐదుగురిలోనే రూసో కొత్త పీపాలు ఎక్కువ వాడతారు, ఫూరియే బాగా తక్కువ వాడతారు. గుత్తుల్ని కాడలతో సహా పులియబెడితే ఎర్ర వైన్ రంగు కాస్త పల్చనవుతుంది, ఎండిన తేయాకు, మసాలా దినుసుల వాసన వస్తుంది, వగరు తీరు మారుతుంది. అది కూడా చేతి పనే. తెల్ల వైన్లో వెన్న వాసన బాక్టీరియా మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ వల్ల. గీసిన అగ్గిపుల్ల వాసన గంధకపు సమ్మేళనాలది. ప్రూమ్ వైన్లు లేతగా ఉన్నప్పుడు ఇలాంటి ఘాటు వాసనతో, నాలుక మీద సన్నటి చురుకుతో ఉంటాయి. తెలిసినవాడు లేబుల్ దాచినా అక్కడే పట్టేస్తాడు. తెలియనివాడు దాన్ని తోట గుణమని రాసుకుంటాడు.

మట్టి గురించి ఒక అపోహ గట్టిగా పాతుకుపోయింది. పలకరాతి నేలలో పండింది కాబట్టి పలక రుచి, సున్నపురాతి నేల కాబట్టి సుద్ద రుచి అని రాస్తూ ఉంటారు. వేళ్లు రాతిని తాగవు. నీటిలో కరిగిన లవణాలు తీగలోకి వెళ్లేమాట నిజమే గానీ, అవి వైన్లో మిగిలే మోతాదు నాలుకకి అందేది కాదు. నేల పని చేసేది వేరే దారుల్లో. నీరు ఎంత నిలుస్తుంది, ఎంత త్వరగా వేడెక్కుతుంది, ద్రాక్షపండు ఎంత చిన్నదిగా ఉంటుంది, పులుపు ఎప్పటిదాకా నిలబడుతుంది. అందుకే తోట గుర్తు కోసం వాసనల జాబితాలో వెతకడం కంటే, మింగాక పులుపు ఎంతసేపు నోట్లో నిలిచింది, వగరు చిగుళ్ల మీద గరుకుగా ఉందా మెత్తగా ఉందా, ఆల్కహాల్ వేడి గొంతులో ఎంత తగిలింది అనేవి చూడటం ఫలితమిస్తుంది. అందులోనూ ఆల్కహాల్ కోత తేదీ మీద ఆధారపడుతుంది, తేదీ పెట్టేది మనిషే. మట్టీ చెయ్యీ పూర్తిగా విడిపోని చోటు అది.

బల్ల సిద్ధం చేయడం

నలభై రూపాయల గుడ్డ సంచిలో సీసా పెట్టి మెడకి దారం కడితే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. బోర్డో సీసాకి భుజాలు నిలువుగా ఉంటాయి, బుర్గుండీ సీసా భుజాలు జారుగా ఉంటాయి, మోజెల్ సీసా సన్నగా పొడుగ్గా ఉంటుంది. సంచిలోంచి కూడా ఆకారం తెలిసిపోతుంది. మెడ దగ్గర మిగిలిన రేకు రంగు, మరమూత గాడి, సీసా బరువు, ఇవన్నీ చాడీలు చెబుతాయి. మంచి పద్ధతి ఏంటంటే, అన్నిటినీ ఒకే రకం గాజు కూజాల్లోకో, కడిగి ఆరబెట్టిన ఒకే రకం ఖాళీ సీసాల్లోకో మార్చడం. అన్నీ ఒకే సమయంలో మార్చాలి. ఒకటి గంట ముందు, ఇంకోటి పది నిమిషాల ముందు తెరిస్తే గాలి తగలడంలో వచ్చిన తేడాని తోట తేడా అనుకుంటారు.

ఇద్దరు మనుషులుండాలి. మొదటివాళ్లు కూజాలకి అక్షరాలు వేసి తప్పుకుంటారు. రెండోవాళ్లు సీసాలు చూడకుండా ఆ అక్షరాల్ని మూడంకెల సంఖ్యలుగా మార్చి గ్లాసుల్లో పోస్తారు. అప్పుడు పోసేవాళ్ల ముఖం చూసినా ఏమీ తెలియదు. మూడంకెలు ఎందుకంటే, 1 అన్నా 'అ' అన్నా మనసు దాన్ని ముందువరసలో కూర్చోబెడుతుంది. 472కీ 815కీ అలాంటి తారతమ్యం లేదు.

గ్లాసు విషయంలో 1977లో వచ్చిన ఐఎస్ఓ 3591 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎత్తు 155 మిల్లీమీటర్లు, నోరు 46, కడుపు 65, మొత్తం 215 మిల్లీలీటర్లు పట్టే తులిప్ ఆకారం, అందులో పోయాల్సింది 50 మిల్లీలీటర్లు. ఈ గ్లాసే కావాలని కాదు, అందరికీ అన్ని వైన్లకీ ఒకటే గ్లాసు కావాలి. బీరువాలోంచి తీసిన గ్లాసుకి చెక్క వాసన, అట్టపెట్టె వాసన పట్టి ఉంటుంది. వేడినీళ్లతో కడిగి, బోర్లించకుండా ఆరబెట్టి, పోసేముందు చెంచాడు వైన్ వేసి గ్లాసంతా తడిసేలా తిప్పి పారబోయాలి. ఈ చిన్న పని చేయక ఎన్నో మంచి వైన్లు చెడ్డపేరు తెచ్చుకున్నాయి.

పరిమాణం లెక్క సులువు. పన్నెండు మందికి 50 చొప్పున 600 మిల్లీలీటర్లు. 750 సీసాలో మిగిలే 150లో వైన్ చెడిందేమో ముందుగా చూడటానికి కొంత, మళ్లీ అడిగినవాళ్లకి కొంత.

వరస అందరికీ ఒకటే కాకూడదు. మొదటి గ్లాసు నోరు శుభ్రంగా ఉన్నప్పుడు పడుతుంది కాబట్టి దానికి లాభమో నష్టమో తప్పదు. వగరు ఎర్ర వైన్ తర్వాత వచ్చింది ఏదైనా పల్చగా అనిపిస్తుంది. నాలుగు వైన్లకి క, చ, ట, త అని పేర్లు పెడితే, నలుగురికి నాలుగు వరసలివ్వాలి: క-చ-త-ట, చ-ట-క-త, ట-త-చ-క, త-క-ట-చ. వీటిలో ప్రతి వైన్ ప్రతి స్థానంలోనూ ఒక్కసారి వస్తుంది, ప్రతి ఇంకో వైన్ వెనకా సరిగ్గా ఒక్కసారి వస్తుంది. పన్నెండు మందైతే ఈ నాలుగు వరసలే మూడుసార్లు. లెక్కలోకి రాని ఒక వైన్‌తో ముందు నోరు తడపడం కూడా మేలు చేస్తుంది.

తెలుగునాట చేసేవాళ్లకి రెండు సమస్యలు ప్రత్యేకం. మొదటిది వేడి. ఎర్ర వైన్‌కి 16 నుంచి 18 డిగ్రీలు, తెల్ల వైన్‌కి 10 నుంచి 12 డిగ్రీలు తగినవి. గదిలో 32 డిగ్రీలుంటే గ్లాసు కొద్ది నిమిషాల్లోనే వేడెక్కి ఆల్కహాల్ ముక్కుకి గుచ్చుతుంది, పులుపు చప్పబడుతుంది. వరసలో చివరి వైన్ మొదటిదానికంటే వేడిగా ఉంటుంది కాబట్టి పోలిక చెడుతుంది. ఏసీ వేసిన గది కావాలి, కూజాలన్నీ ఒకే ఫ్రిజ్‌లో ఒకే సమయం ఉండి రావాలి, పోసేటప్పుడు థర్మామీటర్ ముంచి చూసుకోవాలి. రెండోది వాసనలు. పొద్దున వెలిగించిన అగరొత్తు, వంటింట్లో పెట్టిన ఇంగువ తాలింపు, జడలో మల్లెపూలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ గదిలో రీస్లింగ్‌ని పోల్చలేం. ఫిల్టర్ కాఫీ తాగి వచ్చినవాళ్లని అరగంట ఆపాలి.

గ్లాసుకీ గ్లాసుకీ మధ్య రెండు నిమిషాలు, మంచినీళ్లు, ఉప్పూ వెన్నా లేని బ్రెడ్డు ముక్క. తీసుకున్నది ఉమ్మేయాలి. ఎవరూ నోరు మెదపకూడదు, కనుబొమ లేపినా పక్కవాళ్లు మారిపోతారు. కాగితం మీద రాయడం పూర్తయి, ఆ కాగితాలు తీసుకున్నాకే మాటలు.

రంగు దాచాలా వద్దా అన్నది ప్రశ్నని బట్టి ఉంటుంది. 2001లో బోర్డో పరిశోధకులు 54 మందికి తెల్ల వైన్‌నే వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, వాళ్లు ఎర్ర వైన్‌కి వాడే మాటలతో దాన్ని వర్ణించారు. కన్ను ముక్కుని అంతగా నడిపిస్తుంది. కాడలతో పులిసిన వైన్ రంగు తేలిగ్గా ఉండి గుట్టు విప్పేస్తుందనుకుంటే నల్ల గ్లాసులు వాడాలి, లేదా గదిలో ఎర్ర దీపం పెట్టాలి.

మార్కుల కంటే ముందు

మార్కుల సగటు చాలా మోసం చేస్తుంది. ఒకరు ఇరవైకి 4 నుంచి 18 దాకా వేస్తారు, ఇంకొకరు 12 నుంచి 15 మధ్యే తిరుగుతారు. సగటు తీస్తే మొదటివారి ఇష్టమే అందరి ఇష్టంగా తేలుతుంది. అందుకే మార్కులు తీసుకున్నా, లెక్కకి మాత్రం ప్రతి ఒక్కరి వరస స్థానాల్నే వాడటం నయం.

దానికంటే ముందు అడగాల్సింది, తేడా అసలు తెలుస్తోందా అన్నది. మూడు గ్లాసుల పరీక్ష అందుకే. రెండింట్లో ఒకటే వైన్, మూడోదాంట్లో వేరేది, వేరేది ఏదో చెప్పాలి. ఇక్కడా గుడ్డి అవకాశం మూడింట ఒకటి కాబట్టి పై లెక్కే వర్తిస్తుంది: ఆరుగురిలో ఐదుగురు, పన్నెండులో ఎనిమిది, పద్దెనిమిదిలో పది, ఇరవైనాలుగులో పదమూడు సరిగ్గా చెబితేనే తేడా ఉన్నట్టు. ఈ గీత దాటని రెండు వైన్లలో ఏది గొప్పదని వాదించుకోవడంలో అర్థం లేదు.

ఇంకో జాగ్రత్త, ఒకే వైన్‌ని రెండు సంఖ్యలతో రెండుసార్లు పెట్టడం. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలకి ఒకే సీసాలోది మూడుసార్లు వేరువేరు గ్లాసుల్లో ఇచ్చి చూశారు. రాబర్ట్ హాడ్జ్‌సన్ 2008లో ఆ ఫలితాలు ప్రచురించాడు. ఒకే పతకపు శ్రేణిలో నిలకడగా మార్కులిచ్చింది వారిలో దాదాపు పది శాతం మందే. వాళ్లంతా అనుభవజ్ఞులు. దీన్ని చూసి వైన్ రుచి అంతా బూటకమనేవాళ్లున్నారు. అది తప్పు. ముప్పై గ్లాసుల వరసలో ఏ నాలుకైనా అలిసిపోతుంది. ఆరు గ్లాసుల్లో, జతలుగా అడిగినప్పుడు అదే నాలుక చక్కగా పనిచేస్తుంది. రెండుసార్లు పెట్టిన వైన్‌కి ఎవరు ఎంత దూరపు మార్కులిచ్చారో చూస్తే, ఆ రోజు ఆ మనిషి మార్కుల్లో ఎంత తేడాని నమ్మొచ్చో తెలిసిపోతుంది. రెండు గ్లాసులకీ మధ్య మూడు మార్కులు తేడా వస్తే, వాళ్లు మిగతావాటి మధ్య చూపిన రెండు మార్కుల తేడాని పక్కన పెట్టేయాలి.

ముక్కులు కూడా అందరివీ ఒకటి కావు. కొన్ని షిరాజ్ వైన్లలో మిరియం వాసన వస్తుంది. మిరియాల్లో ఉండే రొటుండోన్ అనే పదార్థమే ద్రాక్ష తొక్కలోనూ ఉండటం కారణం. ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. వాళ్లు మంచి రుచిగాళ్లు కారని కాదు, ఆ ఒక్క పదార్థానికి వాళ్ల ముక్కు పలకదు.

చెడిన సీసా

పోలికని పాడుచేసేవాటిలో ఇది అన్నిటికంటే ప్రమాదం. కార్క్ నుంచి వచ్చే టీసీఏ అనే రసాయనం లీటరుకి రెండు మూడు నానోగ్రాములున్నా చాలు, తడిసిన అట్టపెట్టె, ముక్కిన గోనెసంచి వాసన వేస్తుంది. అంత ఉంటే నయం, అందరూ పసిగడతారు. ఇంకా తక్కువ ఉన్నప్పుడు వాసన రాదు, పండు పరిమళాన్ని మాత్రం నొక్కేస్తుంది. అప్పుడు అందరూ 'ఈ తోటలో పస లేదు' అని రాస్తారు. అందుకే నిర్వాహకుడు ప్రతి సీసానీ ముందు తానే చూడాలి, ప్రతి వైన్‌కీ రెండో సీసా సిద్ధంగా ఉండాలి. అనుమానం వస్తే రెండిట్నీ పక్కపక్కన పెడితే తేలిపోతుంది.

మిగతా దోషాలకి మన ఇళ్లలోని వాసనలే గుర్తు. నెయిల్ పాలిష్ వాసన ఇథైల్ అసిటేట్. పశువుల కొట్టం వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్ పని. ఉడికిన కోడిగుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్, శుభ్రమైన రాగి ముక్క వేసి తిప్పితే చాలావరకు తగ్గుతుంది. కోసి వదిలేసిన యాపిల్ వాసన గాలి తగిలి పాడైనదానికి. వర్ణనకి కూడా ఇదే దారి మంచిది. ఎప్పుడూ చూడని బ్లాక్‌కరెంట్ పేరు రాసే బదులు నేరేడు అని, సోవిన్యోన్ బ్లాంక్‌కి జామకాయ అని రాస్తే పక్కవాళ్లకి వెంటనే అందుతుంది. పరీక్షకి ముందు ఒక జామ ముక్క, రెండు లవంగాలు, నాలుగు మిరియాలు విడివిడి గ్లాసుల్లో వేసి మూతపెట్టి, అందరూ ఒకసారి వాసన చూస్తే మాటలు ఒక దారికి వస్తాయి. పోసే సమయానికి వాటిని గది బయటికి పంపేయాలి.

మన దగ్గరి సీసాలతో

తెలుగు ఊళ్లలో వైన్స్ అని బోర్డున్న దుకాణంలో వైన్ దొరకడమే అరుదు, కాబట్టి సీసాల ఎంపిక పెద్ద నగరాల్లోని పెద్ద దుకాణాల నుంచే. సాధారణంగా చేసే పోలిక నాశిక్‌ది ఒకటి, బెంగళూరు దగ్గరి నంది హిల్స్‌ది ఒకటి. అందులో చోటూ మారింది, వైనరీ కూడా మారింది. అది క్లో ద వూజో చిక్కే. గ్రోవర్ జంపాకి మాత్రం నంది హిల్స్‌లోనూ నాశిక్‌లోనూ తోటలున్నాయి. వారివే ఒకే ద్రాక్ష రకం, ఒకే సంవత్సరం సీసాలు, ద్రాక్ష పండిన చోటు లేబుల్ మీద స్పష్టంగా ఉన్నవి రెండు దొరికితే చేతిని స్థిరంగా ఉంచి చోటుని చూడొచ్చు. నాశిక్‌వే ఇద్దరు తయారీదారుల షిరాజ్‌లు పెడితే చోటు కొంతవరకు ఆగి, చెయ్యి కనబడుతుంది. కొంతవరకే, ఎందుకంటే ఆ జిల్లా పెద్దది.

హైదరాబాద్ పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతుల క్రిస్మా ఎస్టేట్స్ కర్ణాటకలో హంపి కొండల దగ్గర ఉంది. ఆ తోట ద్రాక్ష వారిదే, తయారీ వారిదే. రొమానే-కోంతి గురించి చెప్పిన మాటే దీనికీ వర్తిస్తుంది. నంది హిల్స్ కాబెర్నే పక్కన హంపి కాబెర్నే పెట్టి, హంపిది నచ్చితే నచ్చిందని రాసుకోవచ్చు. మట్టి వల్ల నచ్చిందని రాయాలంటే ఆ కొండ ద్రాక్ష కొన్ని బుట్టలు నంది హిల్స్ వైనరీకి, అక్కడివి కొన్ని బుట్టలు హంపికి ఒకే కోతలో చేరాలి.